అక్క దగ్గర అక్షరాలు అయిపోయిన రోజు

మా అక్కకు మొండితనం పుట్టుకతో వచ్చింది, టైపింగ్ పదిహేడో ఏట వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ రెండింటితోనే నెట్టుకొస్తోంది. టైపు మిషన్ పోయి కంప్యూటర్ వచ్చినా మీటల్ని బాదే అలవాటు మాత్రం పోలేదు. వీధిలో అందరికీ ఆమె టైపమ్మ. అదే షాపులో జిరాక్సులు తీసి, స్పైరల్ బైండింగ్ చేసే నేను టైపమ్మ తమ్ముణ్ణి. నాకు వేరే గుర్తింపు లేదు.

అక్క కుర్చీ వెనక గోడకు ఇరవై ఆరు గళ్ళ చెక్క అలమర ఉంది. గడికో ఇంగ్లీషు అక్షరం. తరచూ వచ్చేవాళ్ళకు తలా ఒక అక్షరం కేటాయించి, వాళ్ళ కాగితాలు ఆ గడిలో పెడుతుంది. కంప్యూటర్లోనూ అలాగే ఉండాలని పట్టుబట్టింది. రిపేరు మెకానిక్ ఏదో కిటుకు నేర్పితే, ఒక్కొక్కరి ఫోల్డరూ ఒక్కో అక్షరంతో వేరే డ్రైవ్‌లా కనబడేట్టు పెట్టుకుంది. 'కె' అంటే ప్లీడరు గుమాస్తా, 'ఎమ్' అంటే మందుల షాపాయన. చూసినవాళ్ళు నవ్వుకుంటారు. కానీ ఎవరి కాగితమైనా అరనిమిషంలో తీసిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఓ బస్సు డ్రైవరు యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చాడు. బస్సు రూట్లు మారినప్పుడల్లా ఊరు ఎలా మారిందో తొమ్మిదేళ్ళపాటు, డ్యూటీల మధ్య దొరికిన సమయంలో, థీసిస్ రాశాడట. గడువు రెండుసార్లు పెంచారు, ఇక పెంచేది లేదన్నారు. ఐదులోపు మూడు ప్రతులు యూనివర్సిటీలో ఇవ్వాలి. ఇంట్లో కంప్యూటర్ నిన్ననే కాలిపోయింది. మిగిలిందల్లా ఆయన జేబులో ఉన్న పెన్‌డ్రైవ్.

అక్క దాన్ని పెట్టింది. టుంగుమని శబ్దమైతే వచ్చింది కానీ తెరమీద ఏమీ రాలేదు.

ముందు పోర్టు, వెనక పోర్టు, తుడవడం, ఊదడం, ఆపి మళ్ళీ ఆన్ చేయడం, అన్నీ అయ్యాయి. ఆన్ చేసిన ప్రతిసారీ ఆ ముసలి యంత్రం ఐదు నిమిషాలు మూలిగేది. మా పెన్‌డ్రైవ్ పెట్టి చూశాం. అదీ రాలేదు. అంటే తప్పు మా కంప్యూటర్‌దే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ డొక్కుది మార్చమని ఎన్నిసార్లు చెప్పాను? ఆయన్ని బస్టాండు దగ్గరి షాపుకి పంపెయ్యి" అన్నాను.

"అక్కడికి పోయేసరికే నాలుగున్నర. ప్రింట్లెప్పుడు, బైండింగెప్పుడు? నువ్వు కాస్త నోరు మూసుకో" అంది అక్క.

డ్రైవరు గోడ గడియారం వైపు చూస్తూ చేతిరుమాలు పిండుతున్నాడు. "అమ్మా, ఇది పోతే నేను మళ్ళీ రాయలేనమ్మా" అన్నాడు.

మెకానిక్‌కి ఫోన్ చేశాం. డిస్కుల జాబితా తెరవమన్నాడు. తెరిస్తే అన్నిటికన్నా కింద పెన్‌డ్రైవ్ ఉంది. సైజు కూడా చూపిస్తోంది.

"కనబడుతోందిగా, ఫార్మాట్ కొట్టెయ్యండి, వచ్చేస్తుంది" అన్నాడు మెకానిక్.

విసుగులో నా చెయ్యి మౌస్ మీదకు వెళ్ళింది. అక్క దానిమీద ఫట్‌మని ఒక్కటిచ్చింది. పదేళ్ళ కిందట అలాగే ఎవరో చెప్పారని నొక్కి, ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు జీవితకథ మొత్తం తుడిచేసింది. పదకొండు రోజులు కూర్చుని మళ్ళీ టైపు చేసిచ్చింది. ఆయన దగ్గర కనీసం చేతిరాత ఉంది. ఈయన దగ్గర అదీ లేదు.

ఫోన్ పెట్టేసి తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా వంగింది. "కంప్యూటర్ డిస్కు పక్కన 'సి' అని అక్షరం ఉంది. దీని పక్కన ఏమీ లేదు. ఎందుకు లేదురా?" అని వెనక్కి తిరిగి అలమర చూసింది. "పొద్దున ట్యూషన్ మాస్టారికి ఏ అక్షరం ఇచ్చాను?"

"జెడ్" అన్నాను.

"దాని తర్వాత ఇంకెన్ని మిగిలాయి?"

వేళ్ళమీద లెక్కపెట్టాను. మొదటి మూడూ కంప్యూటర్ సొంతం. మిగతా ఇరవై మూడూ అక్క పంచిపెట్టేసింది. కొత్తగా వచ్చే పెన్‌డ్రైవ్‌కి పెట్టడానికి అక్షరమే లేదు, అక్షరం లేనిదే అది తెరమీదకు రాదు.

"మందుల షాపాయనది తీసెయ్, నెలకోసారి వస్తాడు" అన్నాను. అక్క వినిపించుకోలేదు. సూటిగా 'హెచ్' మీదకు వెళ్ళి ఆ అక్షరం తీసేసింది.

'హెచ్' నాది. పన్నెండేళ్ళ కిందట నేనూ ప్రైవేటుగా ఎమ్మే కట్టి, ప్రాజెక్టు రిపోర్టు మొదలుపెట్టాను. పద్నాలుగు పేజీల దగ్గర ఆగింది. షాపులో తీరిక లేక ఆగిపోయిందని అందరికీ చెబుతుంటాను.

పెన్‌డ్రైవ్ తీసి మళ్ళీ పెట్టగానే థీసిస్ వచ్చేసింది. మూడు ప్రతులూ నేనే బైండ్ చేశాను. ఆయన వాటిని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పరిగెత్తాడు. ఐదుకు ఎనిమిది నిమిషాలుందనగా ఫోన్ చేసి, "తీసుకున్నారమ్మా" అని ఏడ్చేశాడు.

నాలో ఇందాకటి మంట చల్లారలేదు. "ఇరవై మూడు మందిలో నీకు నాదే దొరికిందా?" అని అడిగాను.

అక్క తెరమీంచి కళ్ళు తిప్పలేదు. "మిగతావాళ్ళు మళ్ళీ వచ్చి అడుగుతారురా" అంది.

నేను జిరాక్సు మిషన్ దగ్గరికి వెళ్ళి, సర్దిన కాగితాలనే మళ్ళీ సర్దుతూ నిలబడ్డాను. కోపం ఆమె మీద కాదని తెలుసు. అయినా షాపు మూసేదాకా ఆమెతో మాట్లాడలేదు.