తారీఖు నేను చూశాను, నొప్పులు ఆవిడ పడింది

మా అమ్మాయి ఈ లోకంలోకి రావడానికి తొందరపడింది. వాళ్ళ నాన్న, అంటే నేనే, వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. ఆ పోటీలో నేను చిత్తుగా ఓడిపోబట్టి సరిపోయింది గానీ, గెలిచి ఉంటే ఇది నవ్వుతూ చెప్పుకొనే సంగతి అయ్యేది కాదు. చదువుతూ మధ్యలో మీరు నన్ను తిట్టుకుంటారు. ఫరవాలేదు, మొహమాటపడకండి.

మాది రాయచూరు జిల్లా పోతనాళ దగ్గర, ఆంధ్రా నుంచి వలసొచ్చిన రైతులు కట్టుకున్న ఒక క్యాంపు. మా తాతగారు తణుకు వైపు నుంచి కాలవ నీళ్ళను వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ వరి వేశారు. నాకు పొలంతోపాటు ఇంటి ముందు గదిలో ఎరువుల కొట్టు కూడా ఉంది. కొట్టు పెట్టినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది: సలహా ఇవ్వకుండా ఉండలేడు. ఆకు ఎర్రబడిందని రైతు చెప్పడం పూర్తికాక ముందే మందు డబ్బా తీసి చేతిలో పెట్టేవాణ్ణి. ఆ వైద్యమే ఇంట్లోనూ మొదలుపెట్టాను.

మా ఆవిడ పద్మకి అది తొలి కాన్పు. డాక్టరమ్మ రాసిచ్చిన తేదీని కేలండరులో ఎర్ర సిరాతో చుట్టాను. నా దృష్టిలో అది రైలు టైము. రైలైనా ఆలస్యంగా వస్తుంది గానీ ఏడు వారాలు ముందు రాదు కదా!

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి పద్మ కొట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏవండీ, నడుం లాగేస్తోందండీ. వచ్చి వచ్చి పోతోంది."

"నిన్న బట్టలన్నీ మడతపెట్టావుగా, అదే. వేడినీళ్ళతో కాపడం పెట్టుకో."

పదింటికి మళ్ళీ వచ్చింది. "పొట్ట రాయిలా బిగుసుకుంటోందండీ. కాసేపటికి వదులుతోంది. మళ్ళీ బిగుస్తోంది."

"గ్యాసు! రాత్రి పెసరట్టు వద్దంటే విన్నావా? వాము నమిలి ఎడంపక్కకి తిరిగి పడుకో."

"గ్యాసయితే నడుం ఎందుకు లాగుతుందండీ?"

"డాక్టరువా నువ్వు?" అన్నాను. అన్నది ఎవరో మీరు గమనించాలి. యూరియా అమ్ముకొనేవాడు.

పదకొండింటికి పద్మ గోడ పట్టుకుని వచ్చింది. "చీర తడిసినట్టుందండీ. ఆసుపత్రికి పోదామా?"

నేను కేలండరు దగ్గరికి నడిచి, ఎర్ర సున్నా మీద వేలు పెట్టి, పంట భాషలో ఉపన్యాసం ఇచ్చాను. "నూట నలభై రోజుల పంటని నూట పదికి కోస్తామంటే ఎవరన్నా నవ్వుతారు పద్మా. ఇంకా నలభై తొమ్మిది రోజులుంది."

దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నవాడు నాకంటే వెయ్యి రెట్లు నయం. వాడు కనీసం ఈనిందని నమ్మాడు.

సరిగ్గా అప్పుడే మా ఊరి ఆశా కార్యకర్త నింగమ్మ, ఐరన్ మాత్రలు ఇవ్వడానికి వచ్చింది. పద్మ ముఖం చూసి చేతిలో సంచి అక్కడే వదిలేసింది. పొట్ట మీద అరచెయ్యి ఆనించి, గోడ గడియారం కేసి చూస్తూ నిలబడింది. అరగంటలో నాలుగుసార్లు పొట్ట బిగిసింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఏందన్నా, గిట్ల కూసున్నవ్? అక్కకు నొప్పులొస్తున్నయ్!"

"డేటు ఇంకా రాలేదు నింగమ్మా. ఇవి ఉత్త నొప్పులు."

"ఉత్తయా? ఉత్తయైతే పండుకుంటె తగ్గుతయ్. ఇవి ఎనిమిది నిమిషాలకొక్కపాలి లెక్కగ వస్తున్నయ్. ఉమ్మనీరు గూడ కారుతున్నట్టుంది. నీ తారీఖు పొట్టలున్న బిడ్డకు ఎర్కనా? లే! అంబులెన్సు పిలుస్తున్న."

రాయచూరు గంటన్నర దారి. నా నోరు మాత్రం దారిపొడుగునా పనిచేసింది. "ఏం కాదులే పద్మా, మందేసి పంపించేస్తారు," అని నేనంటుంటే, పద్మ పళ్ళు బిగబట్టుకుని, "మీరు ముందు సీట్లోకి వెళ్ళి కూర్చోండి," అంది. వెళ్ళి కూర్చున్నాను. డ్రైవరుకి సలహాలిచ్చాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి బయటికొచ్చింది.

"నొప్పులు ఎప్పటి నుంచి?"

"పొద్దున్నుంచండీ."

"మరి ఇంతసేపు ఏం చేశారు?"

"వాము ఇచ్చామండీ."

ఆవిడ ఆ మాటని కాగితం మీద రాసుకుంది. "అంతకుముందు మూత్రంలో మంటా, జ్వరమూ ఏమన్నా ఉన్నాయా?"

పోయిన వారం మంటగా ఉందని పద్మ చెప్పింది. వేడి చేసిందని బార్లీ నీళ్ళు తాగించిన మహావైద్యుణ్ణి నేనే. అదీ చెప్పాను. దొంగ ఒక్కొక్క సొమ్మే తీసి బల్ల మీద పెట్టినట్టుంది నా పరిస్థితి.

"ఇన్ఫెక్షన్ వల్ల కూడా నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు," అంది డాక్టరమ్మ. "బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా తయారుకాలేదు. అవి గట్టిపడటానికి ఇంజక్షన్ ఇచ్చాం. అది పనిచెయ్యడానికి ఒక రోజన్నా పడుతుంది. అందాకా కాన్పుని ఆపడానికి చూస్తున్నాం. పొద్దున మొదటి నొప్పికే వచ్చుంటే మాకు ఆ రెండు మూడు గంటలు కలిసొచ్చేవి."

"వరికైతేనండీ..." అన్నాను, నోరు ఊరుకోక.

"ఏమిటీ?"

"ఏం లేదండీ."

అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. ఊపిరితిత్తులకు డబ్బా తీసి చేతిలో పెట్టడం నావల్ల కాదు. వరండాలో బల్ల మీద కూర్చుని, రైతులకి చెప్పిన మందులతో సహా జీవితంలో ఇచ్చిన సలహాలన్నిటికీ మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

నొప్పులు మందుకి కాస్త లొంగాయి. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగింది మా అమ్మాయి. బరువు కేజీ ఎనిమిది వందల గ్రాములు. ఏడ్చింది గానీ, పిల్లి కూనలా ఏడ్చింది. రెండు రోజులు గొట్టంతో ఊపిరి అందించారు. అద్దం అవతల ఆ గుప్పెడంత ఛాతీ లేచి పడుతుంటే, ఇవతల నేనూ దానితోపాటే ఊపిరి పీల్చాను. మూడో రోజు గొట్టం తీసేశారు. పద్మ నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. నేను ఏడవలేదు అని రాయాలని ఉంది గానీ, ఆ రోజు పాపని చూడ్డానికి వచ్చిన నింగమ్మ ఈ పత్రిక చదువుతుంది.

వారం తర్వాత నర్సు వచ్చి, "అన్నా, అంగీ ఇడువు," అంది.

"ఎందుకమ్మా?"

"పాపకు ఒంటి వెచ్చదనం గావాలె. అక్క అలసిపోయింది. గంటసేపు నువ్వు రొమ్ము మీద పండబెట్టుకో. కదలొద్దు. మాట్లాడొద్దు."

వార్డు నిండా ఆడవాళ్ళు. నేను చొక్కా విప్పి, పొదగడానికి కూర్చున్న కోడిలా కుర్చీలో వాలాను. మా అమ్మాయి నా ఛాతీ మీద చేరి, దొరికిన వెంట్రుకల్ని పిడికిట బిగించి, హాయిగా నిద్రపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అరవడానికి లేదు. వేళ్ళు విడదీయడానికి లేదు. గంటసేపు నోరు మెదపలేదు.

పక్క మంచం మీంచి పద్మ ఆ దృశ్యాన్ని తనివితీరా చూసి, నర్సుతో అంది:

"ఈ వైద్యం రోజుకి ఎన్నిసార్లు చెయ్యొచ్చు సిస్టరూ? పాపకి కాదు, ఆయనకి."

కావున, పిడికిలి ఆకారంలో బోడిగుండు అయిన నా ఛాతీ మీద చెయ్యి వేసి ప్రమాణపూర్వకంగా ప్రకటిస్తున్నాను: కడుపుతో ఉన్న మనిషి 'నొప్పి' అంటే ఇకమీదట నా నోట ఒక్కటే మాట వస్తుంది, 'పద, ఆసుపత్రికి!' అని. రెండో మాట రాబోయిందా, మిగిలిన వెంట్రుకలకీ గండమే; మా అమ్మాయి చేతులు ఇప్పుడు ఇంకా పెద్దవయ్యాయి.