సున్నం వద్దని చెప్పడానికి వచ్చిన మేడమ్

మా మేడమ్ పోయారన్న కబురు అందేసరికి నేను కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లెలో గొర్రెలకు టీకాలు వేస్తున్నాను. కడప నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "పొద్దున కాఫీ తాగి కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందప్పా అక్క" అన్నాడు. చేతిలో సిరంజి ఉంది, కాళ్ల మధ్య గొర్రె ఉంది, మంద ఇంకా సగం మిగిలింది. ఏడుపు వచ్చింది. టీకాలు మాత్రం ఆపలేదు. ఆపితే ఆమె ఎక్కడున్నా తిట్టకుండా ఉండరు.

నేను పశువైద్యం చదువుకున్నది ఆమె దగ్గరే. యూనివర్సిటీలో ఆమె జీవితమంతా పట్టుకు వేలాడింది దొమ్మ రోగాన్ని, ఇంగ్లీషులో ఆంత్రాక్స్ అనేదాన్ని. నిన్న బాగా మేసిన గొర్రె పొద్దునకు కాళ్లు చాపేస్తుంది, ముక్కులోంచి నల్లటి నెత్తురు కారుతుంది. దాన్ని కోసిన మనిషికీ రోగం అంటుకుంటుంది. అంతటితో పోదు. ఆ నెత్తురు పడిన చోట మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా పడి ఉండి, వాన కురిసి కొత్త గడ్డి మొలిచినప్పుడు మళ్లీ లేస్తుంది. అందుకే ఆమె గొర్రెను చూసినంతసేపు మట్టినీ చూసేవారు. తోటి ప్రొఫెసర్లు "మీరు పశువుల డాక్టరా, మట్టి డాక్టరా?" అని ఆటపట్టిస్తే, "గొర్రె మేసేది యాడ సార్? ఆకాశంలోనా?" అనేవారు.

మా వైపు కోతలయ్యాక రైతులు గొర్రెల మందను పిలిపించి చేలో పండుకోబెట్టుకుంటారు. ఆ పెంటికల బలం బస్తాల ఎరువుకు రాదని వాళ్ల నమ్మకం. మేడమ్‌కూ అదే నమ్మకం. దాని మీద చాలా పని చేశారు కూడా. "మంద పండుకున్న చేనికి ఆకలి తెలీదప్పా" అనేవారు. కాకపోతే మంద నడిచే దారినే రోగమూ నడుస్తుంది. చేను బాగుండాలంటే మంద రావాలి, మంద బతకాలంటే చేను మంచిదై ఉండాలి. ఆమె చదువంతా ఈ రెండింటి మధ్యే తిరిగింది.

పల్లెల్లో శిక్షణ ముగించుకుని చివరి మౌఖిక పరీక్షకు కూర్చున్న రోజు ఆమె నన్ను రోగం గురించి ఒక్క ముక్క అడగలేదు. "పల్లెల్లో నిన్ను ఏమన్నా అడిగితే తెలీదని చెప్పినావా ఎప్పుడన్నా?" అన్నారు. "లేదు మేడమ్, అన్నిటికీ జవాబు చెప్పాను" అన్నాను ఛాతీ విరుచుకుని. "అయితే అబద్ధాలు శానా చెప్పింటావు" అని నవ్వి, పాస్ చేశారు.

గొర్రె ఉన్నట్టుండి చస్తే మా పల్లెల్లో దాన్ని వదలరు. నెత్తురు ఆరకముందే కోసి, పాళ్లు వేసి ఇంటింటికీ పంచుకుంటారు. పోయిన గొర్రె ఎలాగూ పోయింది, కూరకన్నా వస్తుంది కదా అని. ఈ ఒక్క అలవాటు మాన్పించడానికి ఆమె ఆత్మకూరు అడవి అంచు నుంచి కడప దాకా తిరిగారు. కోయొద్దు, లోతుగా గుంత తీసి సున్నం పోసి పూడ్చండి అని చెప్పేవారు. చెప్పి ఊరుకునే మనిషి కాదు, జీపులో సున్నం బస్తా వేసుకుని వచ్చేవారు. కాపర్లు ఆమెకు సున్నపు మేడమ్ అని పేరు పెట్టేశారు. ఎన్నో ఏళ్లకు గానీ వాళ్లు మాట వినలేదు. విన్నాక మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

ఆమె రిటైరయ్యాక ఒకరోజు కర్నూలులో కలిశాం. ఉగ్గాని బజ్జి కనబడితే దాటిపోలేని మనిషి, ఆ రోజు ప్లేటు అలాగే పెట్టుకుని కూర్చున్నారు.

"మనం చెప్పిందాంట్లో ఒకటి తప్పు పోయిందప్పా" అన్నారు. "సున్నం ఆ రోగాన్ని చంపదు. పైగా మట్టిలో దానికి బలమిస్తాదని ఇప్పుడు తెలిసినోళ్లు చెప్తాండారు. మన నేలలోనే సున్నం శానా ఉండాది. దాంట్లో మళ్లా నేను బస్తాలు పోయించినా. కాల్చాల్సింది. పోయి చెప్పొస్తా."

"మేడమ్, సున్నం తప్పంటే కోయొద్దన్నదీ తప్పే అనుకుంటారు. మళ్లీ కత్తులు తీస్తారు. మనుషులు పోతారు. ఇన్నేళ్ల కష్టం మట్టిపాలవుతుంది" అని బతిమాలాను.

ఆమెది నేతపని ఇల్లు. "మా నాయన మగ్గం మీద పోగు తెగితే వెనక్కి వచ్చి అతికేవాడు. తెగిందని తెలిసీ ముందుకు నేస్తే, ఆ చీర కట్టుకునే మనిషిని మోసం చేసినట్టే" అన్నారు. అప్పుడు బజ్జి కొరికారు.

మొదటి ఊరికి నేనూ వెళ్లాను. భయంతోనే వెళ్లాను. ఆమె మంద పక్కన నిలబడి, ఉపోద్ఘాతం లేకుండా, "సున్నం పోయమన్నా గదా, అది నా తప్పు" అన్నారు. మందలో పెద్ద కాపరి చేతికర్ర మీద గడ్డం ఆనించి అడిగాడు.

"అయితే మేడమ్, కోయగూడదనేది గూడా తప్పేనా?"

నేను భయపడింది ఈ మాటకే.

"అది తప్పు కాదు పెద్దాయనా. కోసినావంటే నువ్వే పోతావు. ముట్టుకోగాకండి. డాక్టర్ని పిలిచి, కంపేసి కాల్చండి. రేపు ఇదీ తప్పని తెలిస్తే మళ్లా వస్తా."

పెద్దాయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎండన పడి తప్పని చెప్పేదానికి వచ్చినోళ్లను నేను సూల్లేదు" అని, తన తువ్వాలు దులిపి గట్టు మీద పరిచాడు. "కూచో మేడమ్."

ఆమె అలా ఊరూరూ తిరిగారు. కొన్నిచోట్ల నవ్వారు, ఒకచోట తిట్టారు కూడా. నాకు ఆమె మీద ఎంత గౌరవమో ఆమె ఉండగా ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆమె పోయిన కొన్నాళ్లకు, తొలి వానలు పడ్డాక, ఆ పెద్దాయనే ఫోన్ చేశాడు. ఒక గొర్రె పడిపోయింది. నేను వెళ్లేసరికి ఎవరూ దాన్ని ముట్టలేదు. సర్కారు తుమ్మ మొద్దులు కొట్టి పెట్టుకుని, గాలికి ఎదురుపడకుండా దూరంగా కూర్చున్నారు. నమూనా తీసుకున్నాక నిప్పు పెట్టాం. బూడిదయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

"మేడమ్ లేదంట గదా సార్" అన్నాడు పెద్దాయన. "ఇంగ తప్పేమన్నా ఉంటే మాకు ఎవరొచ్చి చెప్తారు?"

"నేనొస్తా" అన్నాను.

"సూస్తాం లే" అన్నాడు.

వాళ్లు బూడిద చుట్టూ ముళ్లకంప నాటారు. సాయంత్రం మంద తిరిగి వచ్చింది. కంప దగ్గర రెండుగా చీలి, ఆవల మళ్లీ ఒకటై, కొత్త గడ్డి మేసుకుంటూ పోయింది.