నాన్న ఎత్తిన మార్కు

మంచు లేని మా హైదరాబాదులో ఫిగర్ స్కేటింగ్ అంటే చక్రాల బూట్ల మీదే. పాటకు తగ్గట్టు గిరగిరా తిరగడం, గాల్లోకి ఎగిరి ఒంటికాలి మీద దిగడం నేర్చుకుంటూ నా స్కూలు రోజులన్నీ కొత్తగూడ దగ్గర మా క్లబ్బులోనే గడిచాయి. నేను పదో తరగతిలో ఉండగా రాష్ట్ర పోటీకి క్లబ్బు నుంచి ఒక్క అమ్మాయినే పంపుతామన్నారు. చివరికి ఇద్దరం మిగిలాం. నేనూ, మణికొండ నుంచి కారులో వచ్చే ఇంకో అమ్మాయీ.

ఆ అమ్మాయంటే నాకు ఒళ్ళు మంట. దాని జడ చూసినా మంటే, పడి లేచి కూడా నవ్వే ఆ నవ్వు చూసినా మంటే.

ఎంపిక రోజున ఒక జడ్జికి జ్వరం వచ్చింది. మా నాన్న ఒకప్పుడు స్కేటరే, జడ్జి పరీక్ష కూడా పాసయ్యాడు. కన్నకూతురు పోటీలో ఉంటే తాను కూర్చోకూడదని ఆయన అంటూనే ఉన్నాడు. కోచ్ వింటేనా?

"మీ అంత నిక్కచ్చి మనిషి ఇంకెక్కడ దొరుకుతడు సార్? జర కూసోండ్రి" అంటూ కుర్చీ లాగాడు.

నేను మాత్రం లోలోపల ఎగిరి గంతేశాను. ఇక ఆ చోటు నాదే అనుకున్నాను.

ముందు ఆ అమ్మాయి చేసింది. ఎగిరి దిగేటప్పుడు తూలి, చెయ్యి నేలకు ఆనించింది. కళ్ళారా చూసి సంతోషించాను. తర్వాత నేను ఎక్కడా తడబడకుండా చేశాను. మిగతా ఇద్దరు జడ్జిల్లో ఒకరు నన్ను మెచ్చారు, ఒకరు దాన్ని. తేల్చాల్సింది మా నాన్నే. ఆయన ఎత్తిన మార్కుల అట్టల మీద దానికంటే నాకే తక్కువ ఉంది.

ఆ అమ్మాయి వాళ్ళమ్మ నేరుగా నాన్న దగ్గరికి వచ్చింది. "కన్నకూతురని కూడా చూడలేదండీ! మీలాంటివాళ్ళు ఉండబట్టే ఇంకా న్యాయం మిగిలిందండీ" అని చేతులు జోడించింది. నాన్న ముఖం వెలిగిపోయింది. ఆ అమ్మాయి తల నిమిరి, "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాడు. నాకు చెప్పాల్సిన మాట దానికి చెప్పాడు.

బండి మీద ఇంటికి వెళ్తూ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను.

"నిజం చెప్పు నాన్నా. ఎవరు మంచిగ చేసిన్రు?"

"నువ్వే."

"మరి గట్లెందుకు వేసినవ్?"

"నీకు ఎక్కువేస్తే నలుగురు ఏమనుకుంటరు? నా బిడ్డవు గదా!"

వెనక హారన్లు మోగాయి. ఆయన బండి ముందుకు పోనిచ్చాడు. వెనక కూర్చుని నేను ఆ అమ్మాయి మీద ఇంకా కుళ్ళుకున్నాను. దాని అదృష్టం, దానికి ఈయన నాన్న కాదు.

సొంత కూతురినే ఓడించిన జడ్జి అని నాన్న పేరు అన్ని క్లబ్బులకూ పాకింది. రాష్ట్ర పోటీవాళ్ళు ఏరికోరి ఆయననే పిలిచారు. ఆ ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని జడ్జిగా వెళ్ళాడు. ఆ అమ్మాయీ వెళ్ళింది. నేను ఇంట్లో ఉన్నాను.