ఫ్లెక్సీ మీద ముఖీమ్ మొహం

ఇండోనేషియా నుంచి తిరిగొచ్చిన ముఖీమ్ ఇబ్రహీంపట్నం చౌరస్తాలో బస్సు దిగి తలెత్తేసరికి, రెండు కరెంటు స్తంభాల మధ్య తన మొహమే వేలాడుతూ కనిపించింది. ‘ప్లాస్టిక్‌పై పోరాడి వచ్చిన పర్యావరణ యోధుడికి ఘన స్వాగతం.’ ఇంటి గోడంత ఫ్లెక్సీ. దాన్ని అచ్చేసింది ఎవరో కాదు, అతని సొంత దుకాణమే. దాని కింద దండ పట్టుకుని భాగస్తుడు బాలరాజ్ నిలబడి ఉన్నాడు.

“ఎట్లుంది భాయ్? మస్తు కలర్ వచ్చింది గదా!”

“దించు.”

“గిప్పుడే గద కట్టినం. జనాన్ని జర జూడనియ్యి.”

“దించుమంటున్న!”

ముఖీమ్ తండ్రి ఖాసీం బట్ట మీద కుంచెతో బ్యానర్లు రాసేవాడు. పని అయిపోయాక ఆ బట్ట ఏదో ఒక ఇంట్లో దిండు గలీబు అయ్యేది. కొడుకు మిషన్ తెచ్చాడు. అప్పటినుంచి ఊళ్లో ఓణీల ఫంక్షనైనా, దశదిన కర్మైనా ఫ్లెక్సీ పడాల్సిందే. పోయిన వానాకాలం దుకాణం పక్క మురుగు నాలా పొంగి నీళ్లు లోపలికి వచ్చాయి. మున్సిపాలిటీ వాళ్లు కొక్కేలతో లాగితే అడ్డుపడ్డ ఫ్లెక్సీ బయటికొచ్చింది. “మనదే అబ్బా, కింద మన దుకాణం పేరు గూడుంది,” అంది డిగ్రీ చదివే కూతురు మెహెక్. సముద్రతీరాలు శుభ్రం చేసే ఒక విదేశీ సంస్థను వెతికి దరఖాస్తు పెట్టిందీ ఆమే. తిండీ, బసా వాళ్లవి. టికెట్ ముఖీమ్‌ది.

అక్కడ అతను చేసిందంతా చెత్త ఏరడమే. సంస్థ వాళ్లు వచ్చినవాళ్లందరికీ కొత్త పాలిస్టర్ టీషర్టులిచ్చారు. తాగడానికి ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లిచ్చారు. బ్యానర్ ముందు నిలబెట్టి ఫొటోలు తీశారు. సాయంత్రానికి ఆ బ్యానరూ చెత్తబండే ఎక్కింది. బండి పోయి ఎక్కడ ఒంపుతుందో చూద్దామని ముఖీమ్ ఒకనాడు దాని వెనకే వెళ్లాడు. తీరం వెనక చేపలు పట్టేవాళ్ల బస్తీ. దాని పక్కనే గుట్టగా పోస్తున్నారు. సముద్రం ఒడ్డు తళతళలాడుతోంది, పేదవాళ్ల గుమ్మం కంపు కొడుతోంది. ఇదేం పద్ధతని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగితే సంస్థ అమ్మాయి నవ్వి అతని భుజం తట్టింది.

మర్నాడు ఇసుకలోంచి ఒక కొస లాగితే బారెడు ఫ్లెక్సీ బయటపడింది. తెలియని లిపి. చేతులు జోడించి నవ్వుతున్న ఎవరో నాయకుడు. ఎన్నేళ్లు ఉప్పునీళ్లలో నానిందో గానీ ఆ నవ్వు చెరిగిపోలేదు. మూలల్లో ఇనుప రింగులు. అలాంటివి ముఖీమ్ తన చేత్తో ఎన్ని వేలు కొట్టాడో. అక్కడే అనుకున్నాడు, ఇక ఫ్లెక్సీ వెయ్యనని.

ముఖీమ్ ఊళ్లోకొచ్చి వారం తిరక్కుండానే ఊరి నాయకుడు కొండల్ అతని దుకాణానికి వచ్చాడు. మీసానికి రంగేసుకునే వయసొచ్చినా పోస్టర్ల మీద అతను ఇంకా యువ నాయకుడే.

“ముఖీమ్, నా బర్త్‌డే వస్తుంది. ఈసారి మన్నెగూడ దాకా రోడ్డు పొంటి పడాలె.”

“బట్ట మీద రాపిస్త అన్నా. ఫ్లెక్సీ బంద్ జేసిన.”

“బట్ట మీదనా? నా మొహం మంచిగొస్తదా?”

“ఫ్లెక్సీ మీద మీ మొహం ఎన్నేండ్లైనా పోదన్నా. గదే కష్టం.”

బాలరాజ్ దగ్గాడు. కొండల్ నవ్వలేదు. “దుకాణం నడుపుకుంటవా, ఫకీర్‌వైతవా? నీ దుకాణం ముంగటి రేకులు నాలా మీదికొచ్చినయని ఎవరో అంటున్నరు. జర జూస్కో,” అని లేచి వెళ్లిపోయాడు.

“గీ ఒక్కటి ఏసిద్దాం భాయ్,” అన్నాడు బాలరాజ్.

“ఒక్కటని ఎన్ని ఏసినం?”

“ఆడ సముద్రం సాఫ్ జేసినవ్, ఈడ నా పొయ్యి సాఫ్ జేస్తున్నవ్!”

ముఖీమ్ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కొండల్ ఫ్లెక్సీలు హయత్‌నగర్‌లో వేయించుకున్నాడు. పుట్టినరోజు పొద్దున సాగర్ రోడ్డు పొడవునా అతనే. ఇక్కడి ఫ్లెక్సీల్లో నాయకుడి కాళ్ల దగ్గర వరసగా చిన్న చిన్న గుండ్రటి మొహాలుంటాయి. ఆ వరసలో ఉన్నవాడు నాయకుడి మనిషి. లేనివాడు అలుగుతాడు. ఆ వరసలో ముఖీమ్ ఉన్నాడు. స్వాగతం ఫ్లెక్సీలోని ఫొటోనే ఎత్తుకొచ్చి, కింద ‘పర్యావరణ యోధుడు ముఖీమ్ భాయ్ శుభాకాంక్షలతో’ అని వేశారు.

అతన్ని అడిగినవాడు లేడు. వెయ్యనన్నవాడి చేతే దీవెనలు ఇప్పించారు, అదీ ప్లాస్టిక్ మీద. ముఖీమ్ దుకాణంలోకెళ్లి కట్టరూ నిచ్చెనా తెచ్చాడు.

“ఏం జేస్తున్నవ్ భాయ్? ఆళ్ల మనుషులు ఈడనే ఉన్నరు!” అన్నాడు బాలరాజ్.

“బాజాప్త నా మొహం నేను తీసుకుంటున్న.”

చాయ్ బండి లక్ష్మమ్మ కిందినుంచి అరిచింది. “జర జూసి కొయ్యి కొడుకా, చెవు తెగుతది!”

జనం నవ్వారు. ముఖీమ్ ఒక్కో ఫ్లెక్సీ లోంచి తన మొహాన్ని గుండ్రంగా కోసుకుంటూ వెళ్లాడు. చౌరస్తా దాటేసరికి కొండల్ కారు వచ్చి ఆగింది. మనుషులు దిగి నిచ్చెన పట్టుకుని ఊపారు.

“గింత పొగరా?” అన్నాడు కొండల్.

“మీ మొహం ముట్టలే అన్నా. ముట్టిన్నా?”

ఊగుతున్న నిచ్చెన ఆగింది. కింద దాని కాళ్లు బిగించి పట్టుకున్నది బాలరాజ్. “గాలి పోనీకె బొక్కలు వెట్టాలె గదన్నా,” అన్నాడు కొండల్‌తో. “లేకుంటే చినుగుతది. మేమేసినప్పుడు గూడ వెడ్తం. హయత్‌నగరోళ్లు మర్చిపోయిన్రు.”

ఈసారి నవ్వు గట్టిగానే వినిపించింది. కొండల్ కారు అద్దం పైకెత్తుకున్నాడు.

మర్నాడే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి దుకాణం ముందు రేకులు పీకేశారు. నాలా మీదికి వచ్చిన మిగతా రేకులన్నీ అలాగే ఉన్నాయి, ముఖీమ్‌వి తప్ప. ఎండలో కూర్చుని బాలరాజ్ బట్ట మీద అక్షరాలు దిద్దుతున్నాడు, ఖాసీం పాత కుంచెతో. వంకరగా వస్తున్నాయి. బల్ల మీద ముఖీమ్ మొహాలు దొంతరగా ఉన్నాయి.

“గివ్వి యాడ పారెయ్యాలె?”

“పారెయ్యకు,” అన్నాడు ముఖీమ్. “పారేస్తే యాడికి పోతయో చూసొచ్చిన.”