రేవతక్క డొల్ల ల్యాప్‌టాప్

మా అక్క రేవతి ఇల్లు దాటాలంటే మూడుసార్లు వెనక్కి రావాలి. గ్యాసు కట్టేసిందో లేదోనని ఒకసారి, తాళం పడిందో లేదోనని ఇంకోసారి. మూడోసారి ఎందుకొస్తుందో ఆమెకే తెలియదు. కార్వేటినగరంలో వాళ్ల వీధి చివర బస్సు వచ్చి ఆగినా ఆమె చూపు ఇంటివైపే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. నేను ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు. ఇప్పుడు వెక్కిరించను. ఒక శుక్రవారం పూట రెండు గంటలపాటు ఆ భయమంతా నాకు అంటుకుంది. పైగా దానికి కారణం నేనే.

పద్నాలుగేళ్లు ఆమె ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పింది. అరవై మంది పిల్లలు, ఫ్యాన్ల మోత, పక్క గదిలో ఎక్కాల కేకలు. వాటన్నిటి మీదా వినబడాలని గొంతు చించుకుంది. నిరుడు దీపావళి తర్వాత ఆ గొంతు బొంగురుపోయి, సంవత్సరం చివరికి గాలి తప్ప మాట రాకుండా అయింది. తిరుపతిలో డాక్టరు చూసి, గొంతులో కాయలు కట్టాయన్నాడు. కొన్ని నెలలు మౌనంగా ఉంటే తగ్గుతాయి, తప్పనిసరైతేనే మాట్లాడు, మళ్లీ క్లాసులో నిలబడి అరిస్తే మాత్రం ఇక గొంతు మీద ఆశ వదులుకో అన్నాడు. అప్పటి నుంచీ అక్క పలక మీద రాసి మాట్లాడుతోంది. పిల్లల దగ్గర మిగిలిన సుద్దముక్కలు ఇంట్లో డబ్బాడు ఉన్నాయి.

బావ రఘునాథ్ రేణిగుంటలో గోడౌన్‌లో పనిచేస్తాడు. ఆయన జీతం ఒక్కటీ ఇంటికి చాలదు. జూన్‌లో బడి తెరిచేలోపు వస్తావో రావో తేల్చి చెప్పమని హెడ్మాస్టరు రెండుసార్లు కబురు పెట్టాడు. వేరే పని దొరక్కపోతే అక్క వెళ్తుంది. ఆ సంగతి పలక మీద రాయకపోయినా మాకందరికీ తెలుసు. వెళ్తే గొంతు పోతుంది. అదీ తెలుసు.

అలాంటప్పుడు నా కంట ఒక ప్రకటన పడింది. బెంగళూరు కంపెనీ ఒకటి తెలుగు మాటలు విని టైపు చేసే మనుషుల కోసం చూస్తోంది. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. నోరు తెరవక్కర్లేదు. ముందు ఒక పరీక్ష పెడతారు. పరీక్ష ఫోన్లో రాసినా ఒప్పుకుంటారు గానీ, తర్వాత రోజూ ఆరు గంటలు ఆ చిన్న తెర మీద పనిచేస్తే మెడ, కళ్లు రెండూ పోతాయి. కంప్యూటర్ కావాలి.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నాది తిరుపతిలో సెల్‌ఫోన్ రిపేరు షాపు. ఎనిమిది నెలలుగా నా షాపు అరలో ఒక వస్తువు పడి ఉంది. చూడటానికి అచ్చం ల్యాప్‌టాప్. తెర ఉంది, కీబోర్డు ఉంది, బ్యాటరీ ఉంది. లోపల బుర్ర మాత్రం లేదు. మన ఫోన్‌ను వైరుతో తగిలిస్తే ఫోనే దానికి బుర్ర. ఫోన్లో ఉన్నదంతా పెద్ద తెర మీదికి వస్తుంది. వైరు పీకితే మళ్లీ ఉత్త డొల్ల. ఎవరో కుర్రాడు మార్పిడిలో నాకు అంటగట్టిపోయాడు. "ఇది కొనొచ్చా అన్నా?" అని అడిగినవాళ్లకు నేను నిజమే చెప్పేవాణ్ని. అన్ని ఫోన్లకూ పనిచేయదు, ఇంకొంచెం వేసుకుంటే పాత ల్యాప్‌టాపే వస్తుంది, అది తీసుకోమనేవాణ్ని. అక్క దగ్గరికొచ్చేసరికి నా నాలుక మడతపడింది. "బ్రహ్మాండంగా పనికొస్తాది అక్కా" అన్నాను. సగం ఆమె మీద ప్రేమ. మిగతా సగం ఆ అర ఖాళీ అవుతుందని. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

దానికి సరిపడే ఫోన్ బావ దగ్గరే ఉంది. ఆయన తన ఫోన్ అక్కకిచ్చి, అద్దం పగిలిన ఆమె ఫోన్ జేబులో వేసుకుని పనికి పోయాడు. నేను డొల్లను కార్వేటినగరం తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, వైరు తగిలించి చూపించాను. అక్క అత్తగారు దేవకమ్మ కొంగు భుజాన వేసుకుని వచ్చి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసినంత పని చేసింది.

"ఏమి శేఖరా, దీంట్లో ఏమీ లేదంటావు, మల్లా ఇదే పని చేస్తాదంటావు. దీని ప్రాణం యాడుండాది?"

నేను పెద్ద ఇంజనీరులాగా వైరు చేతిలోకి తీసుకుని మెరిసే మొన చూపించాను. "ఇద్దో అత్తా, ఈడుండాది. ఈ మొన బాగుంటే అంతా బాగుంటాది. ప్రాణమంతా దీంట్లోనే."

ఆమె ఆ మొనను చాలాసేపు చూసింది. తలాడించింది. నేను గొప్పగా కాఫీ తాగి వచ్చేశాను.

రెండు వారాలు అక్క సాధన చేసింది. సాధన కంటే భయపడటమే ఎక్కువ చేసింది. రోజుకు పది మెసేజీలు నాకు. పరీక్ష మధ్యలో ఫోన్ మోగితే? మోగకుండా చేశాను. కరెంటు పోతే? బ్యాటరీ ఉంది. నెట్ పోతే? పక్కింటివాళ్లది అడిగిపెట్టాను. వైరు ఊడితే? ఈ ప్రశ్నకు మాత్రం నాకు విసుగొచ్చింది. ఊరికే ఎందుకు ఊడుతుంది అని గద్దించాను.

పరీక్ష శుక్రవారం పది నుంచి పన్నెండు. నేను షాపు మూసి పొద్దున్నే వెళ్లాను. షరతులు అక్క పలక మీద రాసి గోడకు ఆనించి ఉంది. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. తలుపు వేయాలి. మొహం కెమెరాకు కనబడుతూ ఉండాలి. పరీక్ష తెగిపోతే మూడుసార్ల వరకు వెనక్కి రావచ్చు, నాలుగోసారి తెగితే రద్దు. మూడుసార్లు అన్నచోట కింద గీత గీసింది. చూసి నవ్వొచ్చింది గానీ ఆమె మొహం చూసి మింగేశాను.

తలుపు పడింది. నేను తిన్నె మీద కూర్చున్నాను. కిటికీ రెక్క సందులోంచి అక్క వీపు, కొంచెం తెర కనబడుతున్నాయి. పది నిమిషాలు బాగానే గడిచాయి. ఆమె వేళ్లు టకటకా ఆడుతుంటే నాకు ప్రాణం కుదుటపడింది.

పదీ ఇరవైకి తెర ఆరిపోయింది.

నేను లేచి నిలబడ్డాను. అక్క వైరు కదిపింది, నొక్కింది, మళ్లీ వెలిగింది. తెర ఆరితే పరీక్ష తెగినట్టే లెక్క. మూడింట్లో ఒకటి అయిపోయింది. ఎనిమిది నెలలు మూలన పడిన సరుకు. దుమ్ము చేరిందా? లోపల తీగ తెగిందా? నలుగురి ముందు పెట్టి అమ్మలేక సొంత అక్కకు అంటగట్టానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. లోపలికి వెళ్లి రెండు నిమిషాల్లో బాగుచేయగలను. కానీ నా నీడ గదిలో పడినా పరీక్ష పోతుంది.

అంతలో బావ నాకు ఫోన్ చేశాడు. "ఏమప్పా, ఎట్ల రాస్తాంది?"

"బాగా రాస్తాంది బావా."

"గొంతు అట్లుండాదేమి నీది?"

"ఎండలో కూసున్నా" అని పెట్టేశాను.

పదీ నలభైకి రెండోసారి ఆరింది. ఈసారి అక్క వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. బడికి వెళ్లకముందే బడి గంట వినబడినట్టు ఉంది ఆ మొహం. పక్కకు చూస్తే కాపీ కొడుతున్నారనుకుంటారని గుర్తొచ్చి నేను గబుక్కున కిటికీ కింద కూలబడ్డాను. దేవకమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి నన్నట్లా చూసింది.

"ఏమిరా, నేల మీద కూసున్నావే?"

"సల్లగా ఉంటాదని అత్తా."

"భయపడొద్దులే. పొద్దున్నే అన్నీ సక్కంగా చేసినా" అంది. పూజ గురించి అనుకున్నాను.

మళ్లీ తల ఎత్తి చూసేసరికి తెర ఒక్కసారి మినుకుమంది. ఆరలేదు. అక్క చేతులు ఆగిపోయాయి. ఇంకా గంటకు పైగా టైముంది. వైరును నమ్ముకుంటే ఎప్పుడు పోతుందో తెలియదు. ఆమె వైరు వైపు చూసింది, ఫోన్ వైపు చూసింది. తాళం పడిందో లేదోనని మూడుసార్లు వెనక్కి వచ్చే మనిషి, నాకు తెలిసి పుట్టి బుద్ధెరిగాక వెనక్కి చూడకుండా చేసిన పని అదొక్కటే. వైరు పీకేసింది. మూడో అవకాశం కూడా తన చేత్తోనే వాడేసుకుంది. డొల్ల మూత వేసి పక్కకు నెట్టి, ఫోన్‌ను సుద్దముక్కల డబ్బాకు ఆనించి, రెండు బొటనవేళ్లతో మొదలుపెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పద్నాలుగేళ్ల బడిలో చివరి ఏడేళ్లు, సాయంత్రమయ్యేసరికి అరవై మంది తల్లిదండ్రులకు హోంవర్కు టైపు చేసి పంపింది ఆ బొటనవేళ్లే. బడివాళ్లు చేయించుకున్న వెట్టిచాకిరీ అని నేను తిట్టేవాణ్ని.

పన్నెండు దాటాక తలుపు తీసింది. పలక చూపించింది. "నలభైలో ముప్పై ఎనిమిది అయినాయి. రెండు మిగిలిపోయినాయి." ఆ అక్షరాల మీద ఒక నీటిచుక్క పడి సుద్ద చెదిరింది. నేను వైరు చేతిలోకి తీసుకున్నాను.

వైరుకు డొల్ల వైపున్న, అక్క ఎప్పుడూ పీకని మొన ఎర్రగా ఉంది. గంధం మీద కుంకుమ, అది ఎండి బిళ్లకట్టి లోపలికంటా పట్టేసింది. దేవకమ్మ ప్రతి శుక్రవారం తలకు పోసుకుని, గడపకు పసుపు రాసి, ఇంట్లో కష్టపడే ప్రతిదానికీ బొట్టు పెడుతుంది. మిక్సీకి, కుట్టుమిషనుకు, గ్యాసు పొయ్యికి, బావ బండికి. కోడలి బతుకు ఆధారపడిన ఈ కొత్త వస్తువుకు ఆ రోజున పెట్టకుండా ఉంటుందా? పెట్టాల్సింది ప్రాణమున్నచోటే కదా. ఆ చోటు వేలు పెట్టి చూపించింది నేనే.

అక్కకు చూపించాను. అత్తకు ఆ మొన చూపించింది నేనేనని చెప్పేశాను కూడా. ఆమె చాలాసేపు ఆ మొనను చూసి, పలక అంచుతో నా నెత్తి మీద ఒక్కటి వేసింది. తర్వాత రాసింది. "అత్తకు తెలియకూడదు."

నాలుగు రోజులు ఎవరికీ అన్నం సయించలేదు. అక్క రాత్రిపూట లేచి ఫోన్ చూసుకుంటోందని బావ చెప్పాడు. సోమవారం హెడ్మాస్టరు మళ్లీ కబురు పెట్టాడు. ఆమె బీరువాలోంచి బడికి కట్టుకునే చీరలు తీసి ఇస్త్రీ చేసిందట. అది విన్నప్పుడు షాపులో కూర్చోలేక నేను బస్సెక్కాను.

మంగళవారం మధ్యాహ్నం, అందరం ఉండగానే మెసేజ్ వచ్చింది. తీసుకున్నారు.

ఇప్పుడు ఎవరైనా డొల్ల కొనొచ్చా అని అడిగితే నేను వెంటనే వద్దనను. ల్యాప్‌టాప్ మధ్యలో చచ్చిపోతే రాసిందంతా దాంతోపాటే ఇరుక్కుపోతుంది. డొల్ల చచ్చినా పనంతా ఫోన్లో బతికే ఉంటుంది. కాకపోతే వైరు ఒకటి ఎక్కువ కొనుక్కోమంటాను. ఎందుకని అడిగితే చెప్పను.

ఆ మంగళవారం దేవకమ్మ కళ్లు తుడుచుకుంటూ కోడలి గడ్డం పట్టుకుంది. "నేను పెట్టిన బొట్టు ఊరికే పోలేదు సూడు. ఆ మొన మీదనే పెట్టినా, శేఖరుడు చెప్పినాడని. అంతే గదా?"

నేను అక్క వైపు చూశాను. అక్క చేతిలో పలక ఉంది, సుద్దముక్క ఉంది. రాయొచ్చు. అయిదు నెలలుగా అత్తతో అన్నీ రాసే చెప్పింది. ఆ రోజు మాత్రం పలక బల్ల మీద పెట్టేసింది.

"అవునత్తా" అంది. గీరుకుపోయిన గొంతే, కానీ మాట. "నీ బొట్టే కాపాడింది."

దేవకమ్మ ఏడుస్తూ లోపలికి వెళ్లింది, దీపం వెలిగించడానికి. అక్క పలక మళ్లీ అందుకుని రాసి నాకు చూపించింది.

"ఇంకో వైరు తెచ్చిపెట్టు. శుక్రవారం బొట్టు పెట్టించుకునేదానికి."