ఐదయ్యేసరికి తయారయ్యే మా కరుణత్త

నిన్న చీకటి పడే వేళ కరుణత్త కూతురు సలోమి వదిన ఫోన్ చేసింది.

"అమ్మ పోయింది" అంది. అంతే.

చేతిలో గరిటె పక్కన పెట్టి స్టవ్ ఆపేశాను. 

తర్వాత నేనడిగిన మొదటి మాట ఎట్టా పోయిందని కాదు, ఎన్నింటికని కాదు.

"ఏ బట్టల్లో ఉంది వదినా?"

ఎవరన్నా వింటే ఏమనుకునేవాళ్ళో. వదినకి మాత్రం అర్థమైంది. కరుణత్త తెలిసినవాళ్ళందరికీ అర్థమవుతుంది. తెలీనివాళ్ళ కోసం ఈ పోస్ట్.

ఎనభైల చివర్లో మేం నడికుడి రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న బుకింగ్ క్లర్క్. పక్కింట్లో గార్డు జాన్ మామ, ఆయన భార్య కరుణత్త, వాళ్ళమ్మాయి సలోమి. చుట్టరికం ఏమీ లేదు, గోడ పక్క గోడ, వరసలు కలిసిపోయాయి.

అత్తకి ఒక అలవాటుండేది. పగలంతా గొడ్డు చాకిరీ. ఐదయ్యేసరికి మొహం కడుక్కుని, పౌడర్ రాసుకుని, గంజి పెట్టిన చీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేది.

ఎక్కడికీ వెళ్ళేది కాదు. ఎదురుగా పట్టాలు, అవతల కంపచెట్లు.

ఎవరి కోసమో ఈ సోకు అని కాలనీలో వెనకాల అనుకునేవాళ్ళు.

ఒకసారి వాళ్ళ చర్చికి విదేశాల నుంచి పాత బట్టల మూట వచ్చింది. పల్నాడు ఎండలకి ఉన్ని కోట్లు, స్వెట్టర్లు. అందులో ఒక కోటు మా ఇంట్లో కుట్టుమిషన్ మీద కప్పడానికి చాన్నాళ్ళు పనికొచ్చింది.

మూట అడుగున ఒక పొడుగాటి గౌను ఉంది. ముదురాకుపచ్చ శాటిన్, మెడ చుట్టూ పూసలు. చేతుల్లేవు. వీపు నడుం దాకా ఖాళీ. దొరసానులు రాత్రి విందులకి వేసుకునే గౌను అని నాకు చానా ఏళ్ళ తర్వాత, యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పాత మ్యాగజైన్ తిరగేస్తుంటే తెలిసింది. ఆ రోజు చర్చిలో ఒకామె నైటీ అందట, ఇంకొకామె కర్టెన్ అందట. పాస్టరుగారు తల పక్కకి తిప్పుకుని, చింపి దిండు గలీబులు కుట్టుకోండమ్మా అన్నారట.

అత్త ఇంటికి తెచ్చుకుంది. చింపలేదు.

మర్నాడు ఐదింటికి లోపల తెల్లజాకెట్ తొడుక్కుని, దానిమీద ఆ గౌను వేసుకుని, పైన ఓణీ పిన్నులతో బిగించి, జడలో కనకాంబరాలతో వరండాలో కూర్చుంది. పిల్లలం నోళ్ళు తెరుచుకుని చూశాం.

ఆ సాయంత్రమే మాచర్ల ప్యాసింజర్ సిగ్నల్ దొరక్క సరిగ్గా మా క్వార్టర్స్ ముందు ఆగిపోయింది.

కిటికీ కిటికీకీ తలలు. ఒక పెద్దామె గట్టిగా అడిగింది, "ఏందమ్మా, నాటకమా?"

"కాదమ్మా. సాయంత్రమైంది" అంది అత్త.

ఆ బండికి గార్డు జాన్ మామే. జనమంతా ఒకవైపే తొంగిచూస్తుంటే ఎవరో పట్టాల మీద పడ్డారనుకుని, ఎర్రజెండా పట్టుకుని చివరి పెట్టె దిగి పరిగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే పెళ్ళాం.

 తిడతాడనే అనుకున్నాం.

"భుజం మీద పిన్ను ఊడిందే" అని మాత్రం చెప్పి వెనక్కి వెళ్ళాడు. పచ్చజెండా ఊపుతూ, బండి మలుపు తిరిగేదాకా మా వరండా వంకే చూస్తూ పోయాడు.

ముస్తాబు మన కోసమా, చూసేవాళ్ళ కోసమా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. పెళ్ళికెళ్ళాలన్నా మంచం నిండా చీరలు పరిచి, చివరికి రోజూ కట్టే కాటన్ చీరలోనే బయల్దేరతాను. గుంటూరులో పీజీ చేసేప్పుడు అత్తనే అడిగాను, ఎవరి కోసం తయారవుతావని.

"ముందా జుట్టు దువ్వుకోయే. తర్వాత అడుగుదువుగాని" అంది.

మామ పోయాక మానేస్తుందనుకున్నారు. మానలేదు. నరసరావుపేటలో కూతురింటికి మారాక కూడా అంతే.

పోయిన నెల గుంటూరు ఆస్పత్రిలో చూశాను. చేతికి ట్యూబులు, ఒంటిమీద ఎవరెవరో వేసుకుని ఉతికేసిన ఆస్పత్రి బట్టలు. నా మణికట్టు పట్టుకుని, "ఈ బట్టల్లో నన్ను పోనీయమాకే" అంది.

డయాలసిస్ చేస్తే ఇంకొన్నాళ్ళు ఉండొచ్చు, గ్యారంటీ లేదు అన్నారు డాక్టర్లు. ఏం చేద్దామని వదిన నన్నడిగింది. ఇంటికి తీసుకుపో వదినా అన్నాను.

అనేశాను గానీ అప్పట్నించీ నాకు సరిగా నిద్ర లేదు. మత్తులో అన్న మాటేమో. ఒక చీర కోసం మనిషి రోజులు తగ్గించే సలహా ఇచ్చానేమో.

అందుకే నిన్న ఆ ప్రశ్న.

వదిన చెప్పింది. ఐదింటికి అత్తే అడిగి మొహం తుడిపించుకుందట. వంగపండు రంగు చీర కావాలందట. ఊపిరి అందని మనిషి, కుచ్చిళ్ళు బాగా రాలేదని విప్పించి మళ్ళీ పెట్టించుకుందట. కుర్చీలో కూర్చోబెట్టి వదిన టీ తెచ్చేలోపు వెళ్ళిపోయింది.

ఇవాళ పొద్దున నరసరావుపేట వెళ్ళాను. చర్చి ఆడవాళ్ళు ఆనవాయితీగా కట్టే తెల్లచీర తెచ్చారు. వదిన దాన్ని చేతుల్లోకి తీసుకుని, వాళ్ళమ్మ వంక చూసి, తిరిగి ఇచ్చేసింది.

"వద్దమ్మా. మా అమ్మ రెడీ అయ్యే ఉంది."

వాళ్ళలో పెద్దావిడ ఏదో అనబోయింది. మళ్ళీ తనే వంగి అత్త కొంగు సర్దింది.

సమాధి దగ్గర నాకు ఏడుపు రాలేదు. ఎన్నాళ్ళనుంచో మోస్తున్నదేదో దించేసినట్టుంది. ఇంత తేలిగ్గా ఉండటం తప్పేమోనని ఇది రాస్తూ కూడా అనిపిస్తోంది. అనిపించనీ.

వెళ్ళిరా అత్తా. నువ్వు అడిగినట్టే పంపించాం. ఇక హాయిగా, ప్రశాంతంగా ఉండు.