అందరికీ ఒకే కోటు

ఆర్మూర్ బస్టాండులో నా పక్కన కూర్చున్న పిల్లగాడు ఫోనులో ఎవరినో బతిమాలుతున్నాడు. "అన్నా, నీ వెబ్‌సైటుల పాస్‌పోర్టుల ఫోల్డరు బార్లా తెరిచి ఉంది. ఎవరన్న చూడొచ్చు."

అవతలివాడు తిట్టి ఫోను పెట్టేశాడు. వాడు గల్ఫుకు మనుషులను పంపే ఏజెంటట. పేరు అడిగితే, మా తమ్ముణ్ణి పంపుతానన్నవాడే.

"ఆ పాస్‌పోర్టుతోని ఎవడన్న దొంగపని చేస్తే?"

"మీ తమ్ముని మీదికే వస్తది పెద్దమ్మా. ఎన్నిసార్లు చెప్పినా తిడుతుండు. అందుకే ఎదురుంగ చెప్దామని హైదరాబాదు నుంచి వచ్చిన."

"మావోళ్లు నీకేమైతరు?" అని మొహం మీదే అడిగాను.

"ఏం గారు. అనుకోకుండ కండ్లబడ్డరు. ఫోటోలల్ల అందరు ఒక్కటే నీలం కోటు ఏసుకున్నరు. కొందరికి బిగుతు, కొందరికి వదులు. చూసి ఊకోబుద్ధి గాలే."

అది ఇక్కడి ఫోటో స్టూడియోవాడు అందరికీ తొడిగే కోటు.

మళ్లీ ఫోను కలపమని, నేనే అందుకున్నాను. "మా తమ్ముని పాస్‌పోర్టును పసుపుకొమ్ముల లెక్క బజార్ల ఆరబోసినవా? పిల్లగాడు చెప్పినట్టు చేస్తవా, నన్ను రమ్మంటవా?"

ఏజెంటు మెత్తబడ్డాడు. పిల్లగాడు ఫోను తీసుకుని వాడికి నిదానంగా చెప్పాడు. ఫోల్డరులో ఏమున్నాయో బయటివాళ్లకు చూపించే సెట్టింగు సర్వరులో ఆపేయాలట. పాస్‌పోర్టులను వెబ్‌సైటులోంచి తీసి, పాస్‌వర్డు ఉన్నచోట పెట్టాలట.

వాడు అయిపోయిందన్నాక, పక్కనే ఉన్న ఇంటర్నెట్ సెంటరులో ఇద్దరం ఆ ఫోల్డరు తెరిచి చూశాం. తెర మీద ఇంగ్లీషు ముక్క ఒకటి వచ్చింది. తల నెరిశాక నేర్చిన నా అక్షరాలు తెలుగువే.

"ఏం రాసింది బిడ్డా?"

"ఎవ్వరిని చూడనియ్యదట."

"నీకు గూడనా?"

"నాకు గూడ," అని నవ్వాడు.

తన మొహం మీదే తలుపు వేయించుకుని అంత సంబరపడినవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.